కలియుగ భీముడు కోడి రామమూర్తినాయుడు

పాలకొండకు సమీపమున వీరఘట్టము అను ఊరు కలదు. అది చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. కలియుగ భీముడని ఆంధ్రులు కొనియాడిన మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడు 1882 ప్రాంతమున ఆ ఊరనే జన్మించెను.

ఆయన తండ్రి వెంకన్ననాయుడు. తల్లి శైశవముననే గతించెను. బాలునికి చదువుకంటె సాముగరిడీలయందు మక్కువ మెండు. తండ్రి అతనిని విజయనగరమున, పోలీసుశాఖలో పనిచేయుచున్న పినతండ్రి యింటికి పంపెను. అచటి తాలింఖానాలో అతడు నిత్యము దండెములు, బస్కీలు తీసి, కుస్తీపట్లు నేర్చి, యౌవనము వచ్చునాటికి టన్నున్నర బరువును ఱొమ్ముపై మోయగలవాడయ్యెను.

తరువాత అతడు మద్రాసునందలి సైదాపేటకు పోయి వ్యాయామశిక్షణ పొంది, తిరిగివచ్చి, తాను చదివిన విజయనగరపు పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. కాని ఒక పాఠశాల ఆవరణము ఆయన బలమునకు చాలలేదు. మిత్రుల తోడ్పాటుతో సర్కసు స్థాపించి ఊరూర ప్రదర్శనములు గావించెను.

ఆ ప్రదర్శనములను జూచుటకు జనము తండోపతండములుగా వచ్చుచుండిరి. ఇనుపగొలుసును ఛాతీకి బిగించి కట్టించుకొని, ఆయన ఊపిరి నిండుగా పీల్చెడివాడు. ఛాతీ పొంగుటతో గొలుసు పుటుక్కున తెగిపోయెడిది. రెండు కార్లను త్రాళ్లతో తన భుజములకు కట్టించుకొని, వానిని చెరియొక దిక్కునకు నడుపుమనెడివాడు. కార్లు ఎంత గర్జించినను అంగుళమైన కదలకుండెడివి. ఱొమ్ముపై పలక వేయించి, దానిపై ఏనుగును నిలిపించుకొనెడివాడు. ఇదంతయు కేవలము కండబలము కాదు. ఆయన శాకాహారి, ప్రాణాయామము నిష్ఠతో అభ్యసించినవాడు. ఊపిరిని, మనస్సును ఒక్కచోట నిలుపుటయే ఆయన బలమునకు మూలము.

అది పరాయిపాలన సాగుచున్న కాలము. భారతీయులు దుర్బలులని తలచువారికి ఆయన దేహమే ప్రత్యుత్తరమయ్యెను. బాలగంగాధర తిలకు ఆయనను మల్లమార్తాండ బిరుదముతో సత్కరించెనని చెప్పుదురు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి ఆయన బలమునకు అచ్చెరువొందెననియు, స్పెయిను దేశమున కోడెను కొమ్ములు పట్టి నేల గూల్చెననియు మన పల్లెలలో నేటికిని కథలుగా చెప్పుకొందురు.

ఆయన అపారముగా ధనము నార్జించెను. అడిగినవారికి లేదనక పంచెను. తుదకు కలిమి తరిగెను. కాలికి లేచిన పుండు ముదిరి, ఆ కాలినే తీసివేయవలసివచ్చెను. మత్తుమందు వలదని ప్రాణాయామముతోనే ఆయన ఆ బాధ నోర్చెనని ప్రతీతి. ఏనుగును మోసినవాడు ఒక్క అడుగు వేయుటకు ఇతరుల ఊత కోరవలసినవాడయ్యెను. కార్లను నిలిపిన బలమును లోకము చప్పట్లతో మెచ్చెను. ఈ కష్టమును భరించిన బలమును మెచ్చుటకు చుట్టును జనము లేరు. అయినను ఆ రెండును ఒకే సాధన ఫలములు.

ఒడిశాలోని బలాంగీరులో 1942వ సంవత్సరమున ఆయన కన్నుమూసెను. శ్రీకాకుళపు క్రీడాప్రాంగణము ఆయన పేరు ధరించియున్నది. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. దేహబలము కాలముతో తరుగును. నిత్యసాధనవలన కలిగిన మనోధైర్యము మాత్రము మనుజుని తుదివరకు విడువదు. రామమూర్తినాయుని జీవితము బాలురకు నేర్పు పాఠమిదియే.