మెదడును తూచ బూనిన ఆంజెలో మొస్సో

మనము పరుండి ఏ పనియు చేయకున్నప్పుడు మన మెదడును ఊరకుండునా? ఈ ప్రశ్నకు త్రోవ చూపిన వారిలో ఆంజెలో మొస్సో పండితుడు ముఖ్యుడు. ఆతని చరిత్రమును మన పాఠశాల బాలబాలికలకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

మొస్సో 1846వ సంవత్సరము మే 30వ తేదీన ఇటలీ దేశమందలి ట్యూరిన్ నగరమున జన్మించెను. తండ్రి వడ్రంగి. బాల్యము పేదరికములో గడచెను. అయినను ఆతడు పట్టుదలతో వైద్యవిద్య ముగించి, జర్మనీలోని లైప్జిగ్ నగరమున లుడ్విగ్ అను ప్రఖ్యాత శరీరశాస్త్రజ్ఞుని యొద్ద శిష్యరికము చేసి, 1879లో ట్యూరిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

బెర్తీనో అను రైతునకు తలకు గాయమై పుఱ్ఱెయెముక కొంత పోయెను. ఆ చోట మెదడు కొట్టుకొనుటను మొస్సో ఒక సాధనముతో కాగితముపై గీతలుగా వ్రాయించెను. ఒకనాడు మధ్యాహ్నపు గుడిగంట మ్రోగగానే, రైతు కదలకున్నను ఆ గీతలు పెద్దవయ్యెను. ప్రార్థనవేళ యని జ్ఞప్తికి వచ్చెనా యని మొస్సో యడుగగా ఆతడు అవునని యొప్పుకొనెను. అప్పుడు ముంజేతి నాడిలో అట్టి మార్పు లేదు. తలంపు కలిగిన చోటికే రక్తము హెచ్చుగా పోవునని మొస్సో గ్రహించెను. నిద్రించువారి మెదడు సహితము, వారు మేల్కొనకయే, చిన్న సవ్వడికి మారుచుండుట ఆతడు కనుగొనెను.

గాయము లేనివారిని పరీక్షించు టెట్లు? 1882 ప్రాంతమున ఆతడు మనుష్యుడు పరుండదగిన త్రాసు నొకటి చేయించెను. మన అయిజ అంగళ్లలో సరుకు తూచు త్రాసువలెనే అదియు మధ్యనున్న ఆధారముపై ఊగును. మనస్సు పనిచేసిన తలవైపు మ్రొగ్గునని ఆతని యూహ. కాని ఊపిరి తీసినను అది ఊగును. కావున ఊపిరివలని కదలిక నడచుటకు ఆతడు మిక్కిలి శ్రమించెను. అయినను ఆ తూకము నిస్సంశయమైన సాక్ష్యము కాజాలదని తరువాతి వారనేకులు తలంచిరి.

మొస్సో భయమును గూర్చియు, అలసటను గూర్చియు గ్రంథములు రచించి, ఉన్నత పర్వతములపై శ్వాసను పరిశోధించి, 1910లో పరమపదించెను.

ఆతని యూహ మాత్రము నశింపలేదు. 1990లో జపాను దేశస్థుడగు ఒగావా, రక్తములోని ప్రాణవాయువు మార్పును అయస్కాంత యంత్రముచే చిత్రింపవచ్చునని చూపెను. 1995లో భారతీయుడగు భరత్ బిస్వాల్, ఊరక పరుండినవారి మెదడున కుడియెడమ చేతులను కదల్చు భాగములు రెండును మెల్లమెల్లగా కూడి హెచ్చి తగ్గుచుండునని నిరూపించెను. విశ్రాంతిలోను మెదడు భాగములు ఒండొంటితో పొత్తు కలిగియుండునన్న మాట. శరీరపు బరువులో ఏబదవ వంతు మాత్రమే యగు మెదడు, విశ్రాంతివేళ సహితము శక్తిలో అయిదవ వంతు వ్యయము చేయును.

నేటి గొప్ప యంత్రములను సైతము ఊపిరియు తలకదలికయు మోసపుచ్చును. ఊపిరివలన కలిగిన మార్పును తలంపువలన కలిగినదని భ్రమించినచో రోగికి కీడు కలుగును. కావున సాధనము చిన్నదైనను పెద్దదైనను, తాను చూడగోరినదానిని నిజముగా ఉన్నదానినుండి వేరుచేయుటయే శాస్త్రజ్ఞుని ధర్మము. వడ్రంగి కుమారుని జీవితమునుండి మన విద్యార్థులు గ్రహింపవలసిన దిదియే.