రహీం సాహెబు – ఇద్దరు శిష్యులు

గురువు పేరు మరుగున పడి శిష్యుల పేర్లు మాత్రమే లోకంలో నిలవడం సర్వసాధారణం. శిష్యుల పేర్లు సైతం జనుల నాలుకలపై నుంచి జారిపోయినప్పుడు ఆ నష్టం ఒక తరానిది కాక, రాబోయే తరాలన్నిటిదీ అవుతుంది. మన తెలుగుగడ్డపై, ఒకప్పుడు మన రాజధానిగా వెలసిన హైదరాబాదు నగరంలో, అటువంటి గురువొకరు జీవించారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. తెలిసినవారందరికీ రహీం సాహెబు. ఆయన చేతిలో రూపుదిద్దుకొన్న అనేకులలో తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ అను ఇద్దరిని పక్కపక్కన నిలిపి చూడడం ద్వారా ఆ గురువు జీవితాన్ని విద్యార్థిలోకానికి పరిచయం చేయాలని మేము సంకల్పించాము.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, విద్యార్థిగా ఉన్నప్పుడే ఫుట్‌బాల్ క్రీడలో పేరు గడించారు. జీవనోపాధికి ఆయన ఎన్నుకొన్నది ఉపాధ్యాయ వృత్తి. నగరంలోని పాఠశాలలలో పిల్లలకు పాఠాలు చెప్పారు. పిమ్మట వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. ఈ సంగతి చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఆయన జీవితమంతటికీ తాళపుచెవి ఇదేనని మా అభిప్రాయం. ఆయన మైదానంలో నిలబడినా తరగతి గదిలోని మాస్టరుగానే నిలబడ్డారు. ప్రతి పిల్లవానికీ ఒక బలహీనత ఉంటుందని, దానిని దాచిపెట్టడం కంటె సరిదిద్దడమే విద్య అని ఆయన నమ్మిక.

ఈ నమ్మికను ఆయన ఆచరణలో పెట్టిన తీరు విచిత్రమైనది. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శిగా ఆయన కొన్ని వింత పోటీలను నిర్వహించారు. ఒక పోటీలో ఆటగాడు తనకు వాటమైన కాలితో బంతిని కొట్టరాదు. వాటం కాని కాలితోనే కొట్టవలెను. మరొక పోటీలో బంతిని కాలి వద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదు. అందిన వెంటనే తోటివానికి అందించవలెను. కుడికాలి వాటంగల పిల్లవాడు ఎడమకాలితో తడబడుతుంటే చూచేవారు నవ్వి ఉండవచ్చు. కాని రెండు మూడు సంవత్సరాలు గడిచేసరికి ఆ నగరంలో రెండు కాళ్లతోనూ సమానంగా ఆడగల యువకులు, బంతిని తమ సొత్తుగా గాక జట్టు సొత్తుగా భావించే యువకులు తయారయ్యారు.

దాని ఫలితం దేశమంతా చూచింది. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. స్వాతంత్ర్యానంతరం 1950లో తిరిగి ప్రారంభమైన డ్యూరండ్ కప్పును సైతం కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకొన్నది. అప్పటివరకు ఫుట్‌బాల్ అనగా కలకత్తా అని అనుకొనే దేశానికి దక్షిణాపథంలో మరొక రాజధాని ఉన్నదని తెలిసింది. 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండు మారులు గెలుచుకొన్నది.

జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయన భుజాలపైననే పడింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశం ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకం పొందింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఘోరపరాజయం సంభవించింది. మనవారిలో పలువురు నాడు పాదరక్షలు లేకుండానే, ఆ చలిదేశంలో, వట్టికాళ్లతో ఆడారు. ఈ పరాభవం తరువాత దేశంలో బూట్లు ధరించి ఆడడం తప్పనిసరి అయింది. రహీం సాహెబు ఓటమిని చూచి తల వంచుకోలేదు, పాఠంగా చదువుకొన్నారు. ఐరోపా జట్లు ఆటగాళ్లను మైదానంలో ఏ విధంగా నిలుపుతున్నవో శ్రద్ధగా పరిశీలించి, పాత పద్ధతిని విడనాడి కొత్త అమరికలను జట్టుకు అలవాటు చేశారు.

నాలుగేళ్లలో ఫలితం కనిపించింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథేయ దేశమైన ఆస్ట్రేలియానే 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్‌లు చేశాడు. సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా మన జట్టు చరిత్రకెక్కింది. చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. మెల్బోర్న్ నగరవాసులకు తమ సొంత ఫుట్‌బాల్ ఒకటి ఉన్నది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతితోనూ కాలితోనూ ఆడే ఆ క్రీడను ఆ ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా కూడా ఆడి చూపారు. తమ మేటి ఆటగాళ్లలో ఇద్దరిని ఎంచుకొని, వారి ఉచ్చదశలో ఎవరు మిన్న అని తరతరాలుగా వాదించుకోవడం అక్కడివారికి ఇష్టమైన కాలక్షేపం. మనకు అట్టి వాదానికి తగిన ఇద్దరు ఉండి కూడా ఆ వాదం చేయడం లేదే అన్నది మా బాధ.

మొదటివాడు తులసీదాస్ బలరాం. సికిందరాబాదు చెంత అమ్ముగూడ గ్రామంలో 1936లో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. అతని ఆటను చూచిన రహీం సాహెబు నగరానికి వచ్చి సాధన చేయమన్నారు. రోజూ అంత దూరం వచ్చిపోయే స్తోమత కుర్రవానికి లేకపోగా, అద్దె సైకిలుకు డబ్బు గురువే ఏర్పాటు చేశారని ప్రతీతి. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయస్సులోనే బలరాం మెల్బోర్న్ వెళ్లాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరి, 1961లో ఆ జట్టుకు నాయకుడై, ఆ సంవత్సరపు కలకత్తా లీగులో అత్యధిక గోల్‌లు చేసిన ఆటగాడుగా నిలిచాడు.

రెండవవాడు యూసుఫ్ ఖాన్. 1937లో జన్మించిన హైదరాబాదు బిడ్డ. బలరాం కలకత్తాకు వెళ్లగా యూసుఫ్ తన నగరాన్ని, తన పోలీసు జట్టును అంటిపెట్టుకొని ఉండిపోయాడు. అతని ప్రత్యేకత ఫలానా స్థానంలో ఆడడం కాదు. ఏ స్థానంలోనైనా ఆడడం. వెనుక కాపు కాయమంటే కాచేవాడు, మధ్యలో నిలవమంటే నిలిచేవాడు, ముందుకు పోయి గోల్ చేయమంటే చేసేవాడు. దెబ్బలకు వెరవని దేహం, అలసట ఎరుగని పరుగు అతని సొమ్ములు. ఎముకలు విరిగినా మైదానానికి తిరిగి వచ్చిన సందర్భాలు అతని జీవితంలో అనేకం.

వీరిద్దరిలో ఎవరు మిన్న? వాదానికి ముందు కొలబద్దను నిర్ణయించుకోవాలి. గోల్‌లే కొలబద్ద అయితే తీర్పు క్షణంలో తేలిపోతుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలరాం, యూసుఫ్ ఇద్దరూ భారత జట్టు సభ్యులే. ఫ్లోరియాన్ ఆల్బర్ట్ వంటి మేటి ఆటగాడు ఉన్న హంగరీ జట్టుతో మనవారు 2–1 తేడాతో మాత్రమే ఓడిపోయారు. మన గోల్ బలరాందే. పెరూతో 3–1గా ఓడినప్పుడు కూడా మన ఏకైక గోల్ బలరాందే. బంతి అతని కాలికి తగిలితే ఎదుటివాడు ఎటు కదలాలో తెలియక నిలిచిపోయేవాడు. తన చుట్టూ ఇద్దరు ముగ్గురిని ఆకర్షించి, ఖాళీ అయిన చోటికి బంతిని పంపడంలో అతనికి సాటివారు అరుదు.

అయితే ఆటలో గోల్‌ల పట్టికలోకి ఎక్కని పని ఎంతో ఉన్నది. ఎదుటివారి దాడిని మధ్యలోనే తుంచివేయడం, తోటివాడు ముందుకు దూకినప్పుడు అతని ఖాళీని నింపడం, గాయపడ్డవాని బరువును తానెత్తుకోవడం – ఇవి లెక్కకు రావు. యూసుఫ్ గొప్పతనం ఇక్కడ ఉన్నది. బలరాం లేని జట్టుకు మెరుపు తగ్గుతుంది. యూసుఫ్ లేని జట్టుకు వెన్నెముక వంగుతుంది. బలరాంకు 1962లోను, యూసుఫ్‌కు 1966లోను అర్జున పురస్కారం లభించింది.

ఇద్దరి ఉచ్చదశలు కలిసిన చోటు ఒకటున్నది. అది 1962 జకార్తా. గురువు జీవితానికి కూడా అదే శిఖరం.

అప్పటికే రహీం సాహెబును ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టి పీడిస్తున్నది. ఆసియా క్రీడలలో మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 2–0తో ఓడింది. తరువాత థాయిలాండ్‌పై 4–1తో గెలిచినా, ఆ ఆటలో వెనుకవరుసకు పెట్టనికోట వంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపానును 2–0తో ఓడించిన ఆటలో బలరాం ఒక గోల్ చేశాడు. సెమీఫైనల్ వచ్చేసరికి గురువు సాహసించారు. గాయం వల్ల వెనుక నిలిచి ఆడలేని జర్నైల్ సింగును ముందువరుస నడుమకు పంపారు. దక్షిణ వియత్నాం 3–2తో ఓడింది; జర్నైల్ గోల్ చేశాడు.

ఫైనల్ సెప్టెంబరు 4న, తిరిగి దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ ఆక్షేపించినందున జకార్తా ప్రజలు మనపై ఆగ్రహంతో ఉన్నారు. సుమారు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును కేకలతో వేధించారు. ఆ జనసముద్రంలో మనవారిని ఉత్సాహపరచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ క్రీడాకారులు ఉన్నారని చెబుతారు. క్రీడ హృదయాలను ఎంత దూరం కలపగలదో దీనివలన విశదమవుతున్నది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ మరొక గోల్ చేయగా భారత్ 2–1తో గెలిచింది. గోల్ చేసినవారిలో బలరాం లేడు, యూసుఫ్ లేడు. కాని మైదానంలో ఇద్దరూ ఉన్నారు.

ఇక్కడ గురువు మనోధర్మాన్ని గమనించాలి. జర్నైల్ ముందుకు పోయినప్పుడు ఆ మార్పు వలన ఏర్పడిన లోటును భరించగల ఆటగాళ్లు జట్టులో లేకపోతే ఆ సాహసం ఆత్మహత్యాసదృశమే. ఏ స్థానంలోనైనా ఒదిగిపోయే యూసుఫ్ వంటివాడు, ఎదుటివారి కాపుదారులను తన వైపు లాగి ఇతరులకు దారి ఇచ్చే బలరాం వంటివాడు ఉన్నందుననే గురువు అంత ధైర్యం చేయగలిగారు. ఉచ్చదశలో ఒక్కని కాలినైపుణ్యమే చూడదలచితే మేము బలరాంకే ఓటు వేస్తాము. ఒక జట్టును నిర్మించదలచితే మొదట యూసుఫ్ పేరే వ్రాసుకొంటాము. రహీం సాహెబుకు మాత్రం ఈ ఎంపిక అవసరం లేకపోయింది. ఆయన ఇద్దరినీ తయారు చేసుకొన్నారు.

ఆయన నిష్పాక్షికతకు మరొక నిదర్శనం చెప్పక తప్పదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా మంచి ఆటగాడే. రోమ్ వెళ్లిన జట్టులో సభ్యుడు. కాని అక్కడ అతనికి ఒక్క ఆటలోనూ దిగే అవకాశం దక్కలేదు. జకార్తా వెళ్లిన జట్టులో చోటే దక్కలేదు. పరాయి ఇంటి పేదబిడ్డను వెదకి తెచ్చి మైదానంలో నిలిపిన తండ్రి, కన్నకొడుకును పక్కన కూర్చోబెట్టాడు. సిఫారసులతో పనులు జరిగే లోకంలో ఇది సామాన్య విషయం కాదు.

జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాహెబు కన్నుమూశారు. అదే సంవత్సరం అనారోగ్యం వలన బలరాం ఆటకు స్వస్తి చెప్పాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై ఏడు దాటలేదు. గురువు, శిష్యుడు ఒకే ఏడు మైదానాన్ని వీడారు. యూసుఫ్ మరికొంతకాలం ఆడాడు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పటికి గురువు నాటిన విత్తనాల ఫలసాయం ఇంకా మిగిలే ఉన్నది. ఆ తరువాత ఆ వైభవం క్రమంగా క్షీణించింది. జీవితపు చివరి దశలో యూసుఫ్‌ను పార్కిన్సన్ వ్యాధి కుంగదీసింది; 2006లో మరణించాడు. బలరాం బెంగాల్‌లోనే స్థిరపడి 2023లో దివంగతుడయ్యాడు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మళ్లీ స్వర్ణం దక్కలేదు. 2024లో రహీం సాహెబు జీవితంపై ఒక హిందీ చలనచిత్రం రాగా, ఆయన పేరు మరల కొందరి చెవులకు సోకింది.

ఈ క్షీణతకు కారణాలు పెక్కు చెబుతారు. ధనం చాలలేదని కొందరు, క్రికెట్ మోజు పెరిగిందని కొందరు అంటారు. అవి నిజమే కావచ్చు. కాని వాటం కాని కాలితో ఆడమని పిల్లలకు పోటీ పెట్టడానికి పెద్ద ధనం అక్కరలేదు. దానికి కావలసింది ఓర్పుగల ఒక ఉపాధ్యాయుడు, ఆ ఉపాధ్యాయుని నిలబెట్టుకొనే వ్యవస్థ. ఒక్క మనిషి మరణంతో విద్య ఆగిపోయిందంటే ఆ విద్యను సంస్థగా మార్చుకోవడంలో మన సమాజం విఫలమైందని అర్థం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠశాలలకు, కళాశాలలకు కూడా మైదానాలున్నవి. సైకిలు అద్దెకు డబ్బు లేని బలరాంలు, ఏ పని అప్పగించినా కాదనని యూసుఫ్‌లు ఇక్కడా పుట్టకపోరు. వారిని వెదకే కన్ను కావాలి. కళాశాల పాలకవర్గం వారు ఏటా జరిపే క్రీడోత్సవాలలో రహీం సాహెబు పేరిట వాటం కాని కాలి పోటీ ఒకటి ఏర్పాటు చేసినయెడల అది ఆయనకు తగిన స్మారకం కాగలదని మేము సవినయంగా మనవి చేస్తున్నాము. విద్యార్థి మిత్రులు తమకు రాని కాలితో మొదటి బంతిని కొట్టి తడబడిన నాడు, నవ్వేవారిని లెక్కచేయక రెండవ బంతిని కూడా అదే కాలితో కొట్టుదురు గాక!