వందమందితో హైదరాబాద్ దాటిన కోర్టు దుబాసీ

గ్రూప్స్ పరీక్షకు పిలుపొచ్చిందంటే జనగామ, మహబూబాబాద్ స్టేషన్లలో నలుగురైదుగురు దోస్తులు కలిసి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. భూపాలపల్లి వాళ్లకు ఆ భాగ్యం లేదు, ముందు బస్సులో హన్మకొండ చేరాలి. ఎట్లా బయలుదేరినా పొద్దుగూకేలోపు అశోక్‌నగర్ గల్లీల్లో రూమ్ కోసం వెతుకులాట మొదలవుతుంది. పరీక్ష అయ్యాక చార్మినార్, ట్యాంక్‌బండ్ చూసి రావడం కూడా అందులో భాగమే.

ఇదే హైదరాబాద్‌కు 1830లో ఒక ఉద్యోగి దాదాపు వందమందిని వెంటబెట్టుకొని వచ్చారు. రైలు లేదు, సరైన రోడ్డు లేదు. వచ్చింది చెన్నపట్నం నుంచి. ఆయన పనిచేసేది ఈస్టిండియా కంపెనీ రాజ్యంలో, హైదరాబాదేమో నిజాం రాజధాని. అంటే మన లెక్కలో అది విదేశీ ప్రయాణమే. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామి. జనరల్ స్టడీస్ పుస్తకాల్లో ఈ పేరు పక్కన 'కాశీయాత్ర చరిత్ర' అని ఒక్క ముక్క ఉంటుంది. పరీక్షలో జతపరచడానికి అది చాలు. మనిషి గురించి తెలుసుకోవాలంటే మాత్రం కొంచెం వెనక్కి పోవాలి.

వీరాస్వామి 1780 ప్రాంతంలో చెన్నపట్నంలోని తెలుగు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంట్లో సంపాదించేవాళ్లు లేరు. అప్పటికి మెకాలే చదువులు రాలేదు, యూనివర్సిటీ అనే మాటే లేదు. కానీ కంపెనీ ఆఫీసుల్లో ఇంగ్లిష్ వచ్చిన కుర్రాడికి గిరాకీ ఉండేది. ఈ పిల్లవాడు తొమ్మిదేళ్లకే ఇంగ్లిష్ తడుముకోకుండా చదివేవాడు. పన్నెండో ఏట బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఆఫీసులో వాలంటీరుగా చేరాడు. వాలంటీరు అంటే ఇప్పటి మాటల్లో జీతం లేని ఇంటర్న్. పని నేర్చుకో, ఖాళీ వస్తే చూద్దాం అనే పద్ధతి. తర్వాత కొద్ది కాలానికే తిరునెల్వేలి వైపు దుబాసీ పని దొరికింది. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, ఇంటికి వందల మైళ్ల దూరంలో.

దీన్ని చూసి జీతం లేని ఇంటర్న్‌షిప్ గొప్పదనుకోవద్దు. తండ్రి లేని పిల్లవాడిని పన్నెండేళ్లకు ఆఫీసుకు పంపడం ఆ ఇంటి అవసరం. ఇంకోమాట, చెన్నపట్నంలో ఉండి, అక్షరం దక్కే కులంలో పుట్టాడు కాబట్టి ఆ తలుపైనా తెరుచుకుంది. అదే ఏడు మన పాలకుర్తిలోనో ఘన్‌పూర్‌లోనో పుట్టిన రైతు పిల్లవాడికి అసలు తలుపే లేదు.

కొన్ని ఆఫీసులు మారాక వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టుకు చేరారు, అక్కడే హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. 1801లో మొదలైన ఈ కోర్టులో జడ్జీలు ఇంగ్లండ్ నుంచి వచ్చేవారు. వాళ్లకు తెలుగు రాదు, తమిళం రాదు. బోనులో నిలబడ్డవాడికి ఇంగ్లిష్ రాదు. వీళ్లిద్దరి మధ్య నిలబడేది దుబాసీ ఒక్కడే. సాక్షి చెప్పిన మాటలో 'చూశాను'కు, 'చూసినట్టుంది'కి తేడా జారిపోతే ఒక మనిషి ప్రాణమే పోవచ్చు. చట్టం తెలిసినవాళ్లు కోర్టులో చాలామంది ఉండేవారు. రెండు వైపులా నమ్మే నాలుక మాత్రం అరుదు. తెలుగు, తమిళం, ఇంగ్లిష్, సంస్కృతం వచ్చిన వీరాస్వామి విలువ అక్కడే ఉంది. ఆయనకు సమకాలికుడైన వెన్నెలకంటి సుబ్బారావు కూడా ఇట్లాగే భాషనే బతుకుదెరువు చేసుకొని మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడయ్యారు. ఆయన ఇంగ్లిష్‌లో రాసుకున్న జీవితకథ చాలా ఏళ్ల తర్వాత, 1873లో అచ్చయింది. ఇప్పుడు ట్రాన్స్‌లేటర్ పోస్టులకు అప్లై చేస్తున్నవాళ్లు ఈ ఇద్దరి గురించి ఓసారి చదవాలి.

యాభై ఏళ్ల వయసులో వీరాస్వామి కాశీ పోవాలనుకున్నారు. కోర్టు నుంచి సెలవు దొరికింది. 1830 మే 18న బయలుదేరారు. ఇంటివాళ్లు, బంధువులు, వంటవాళ్లు, పల్లకీ బోయీలు, డేరాలు మోసేవాళ్లు, కాపలావాళ్లు కలిసి వంద దాకా తేలారు. మే నెల ఎండలో వందమందికి పూటకింత బియ్యం, ఉప్పు, కట్టెలు, నీళ్లు చూసుకుంటూ నడిపించడమంటే చిన్న పనా? ఇవాళ నలభైమంది క్లాస్‌మేట్లను గోవా తీసుకెళ్లిన సీఆర్‌ను అడగండి, చెబుతాడు.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ ముందుకు సాగారు. అప్పటికి కర్నూలు కూడా నవాబు ఏలుబడిలోనే ఉంది. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. జడ్చర్ల మీదుగా హైదరాబాద్, అక్కడి నుంచి మేడ్చల్, మాసాయిపేట, రామాయంపేట, భిక్కనూరు, బాల్కొండ, నిర్మల్, ఆపైన నాగపూర్. మ్యాప్ తీసి చూడండి. ఇంచుమించు ఇవాళ్టి 44వ నంబరు జాతీయ రహదారి ఇదే. ఓరుగల్లు వైపు, అంటే మన మూడు జిల్లాల వైపు ఆయన రాలేదు. వచ్చుంటే రెండు వందల ఏళ్ల కిందటి మన ఊళ్ల ముచ్చట ఒకటి మనకు మిగిలేది.

నిజాం రాజ్యంలో అడుగుపెట్టడం ఆ రోజుల్లో ధైర్యమే. 1829లో సికిందర్ జా పోయి, నాసిరుద్దౌలా గద్దెనెక్కి ఏడాదే అయింది. నడిపించేదంతా చందూలాల్. ఖజానా అప్పుల్లో ఉంది. శిస్తు వసూళ్లు గుత్తకిచ్చేవారు. జమీందార్లు ఒకరి ఊళ్ల మీద ఒకరు పడేవాళ్లు, మధ్యలో నలిగేది రైతు. దారిలో సుంకం చౌకీలు. రూపాయి కూడా ఒకటి కాదు. కంపెనీ రాజ్యమంతటికీ ఒకే నాణెం వచ్చిందే 1835లో, నిజాం నాణెం సంగతి వేరే. ఒక ఊళ్లో చెల్లిన డబ్బు ఇంకో ఊళ్లో మార్చాలంటే వట్టం కట్టాలి. వెంట ఆడవాళ్లున్నారు, సామానుంది, దొంగల భయముంది. గుంపు నాయకుడిగా ఏ రాత్రి ఎక్కడ దిగాలో తేల్చాల్సింది వీరాస్వామే. ఒక్క తప్పు మజిలీకి వందమంది ఆకలితో పడుకోవాలి, లేదా అంతకంటే ఘోరం జరగాలి.

అందుకేనేమో, ఆయన రాసుకున్న తీరు భక్తుడి తీరు కాదు, ఆఫీసు మనిషి తీరు. ఊరు నుంచి ఊరికి ఎంత దూరం, దారి ఇసుకా నల్లరేగడా, బావి ఉందా, అంగడి ఉందా, దిగడానికి సత్రం ఉందా, ఏ వస్తువు దొరుకుతుంది, ఏ భాష ఎక్కడ మారుతుంది, అధికారం ఎవరిది, ఇవన్నీ దినచర్యలో ఎక్కించారు. గుళ్లు, ఆచారాలు, తత్వం గురించీ రాశారు, పేజీలకు పేజీలు రాశారు. నాకైతే ఆ తత్వ చర్చల కంటే బావుల లెక్కే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. ఈ రాతలను తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై కోరిక మీద దారి పొడుగునా ఉత్తరాలుగా చెన్నపట్నానికి పంపేవారు.

వానాకాలంలో హైదరాబాద్ చేరారు. 1591లో కట్టిన చార్మినార్, మూసీ, హుస్సేన్‌సాగర్ కట్ట, కట్టకు ఆవల 1806లో వెలిసిన సికింద్రాబాద్ కంటోన్మెంట్, షావుకార్ల బేగంబజార్, ఇదీ ఆనాటి నగరం. జనం నడుముకు కత్తులు, బాకులు కట్టుకొని బజార్లో తిరిగే షహరు. చెన్నపట్నంలో కోర్టు, పోలీసు అలవాటైన మనిషికి ఇదొక వింత, కొంత భయం కూడా. మూసీ ఒడ్డున ఇంగ్లిష్ రెసిడెంటు ఉండే పెద్ద పెద్ద స్తంభాల భవనం అప్పటికే ఉంది. నిజాం రాజధానిలో కంపెనీ మాట ఎంత చెల్లుతుందో ఆ భవనం చూస్తేనే అర్థమయ్యేది. అదే తర్వాత కోఠి ఉమెన్స్ కాలేజీ అయింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి పెట్టిన పేరు చాకలి ఐలమ్మది, మన జనగామ జిల్లా పాలకుర్తి ఐలమ్మది. దొర లాక్కోబోయిన పంటకు అడ్డం నిలబడ్డ ఆమె పేరు ఒకనాటి రెసిడెన్సీ మీద ఉండటం చూస్తే, మూసీలో ఎంత నీరు పారిందో తెలుస్తుంది. అక్కడ సీటు వచ్చిన ఈ మూడు జిల్లాల అమ్మాయిలు ఎవరైనా ఉంటే, ఆ మెట్ల మీద కాసేపు నిలబడి చూడండి.

ఒక సంగతి మాత్రం పుస్తకం చదివేటప్పుడు మరిచిపోకూడదు. వీరాస్వామి వెళ్లింది పల్లకీలో. దాన్ని మోసిన బోయీలు నడిచారు, వానలో, బురదలో. ఆ దారి కష్టం ఎక్కువగా వాళ్ల భుజాలదే. అదే దారి గురించి వాళ్లు రాసి ఉంటే ఏం రాసేవాళ్లో మనకు అందదు.

నాగపూర్, జబల్పూర్ మీదుగా ప్రయాగ, కాశీ, గయ చేరి, పాట్నా మీదుగా అప్పటి కంపెనీ రాజధాని కలకత్తా కూడా చూశారు. అంటే ఒకే ప్రయాణంలో నిజాం రాజధాని, కంపెనీ రాజధాని రెండూ చూశారన్నమాట. తిరుగు ప్రయాణం పూరీ, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, బందరు, నెల్లూరు తీరం వెంట. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నంలో ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాట.

వచ్చిన మరుసటి ఏడాదే నందన నామ సంవత్సరపు కరువు పడింది. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆకలితో ఉన్నవాళ్లు రోడ్డు పట్టి చెన్నపట్నం దాకా వచ్చారు. దారిలో ఏ ఊళ్లో గింజ దొరుకుతుందో, ఏ ఊళ్లో దొరకదో లెక్క కట్టిన మనిషికి ఆ నడక ఎట్లాంటిదో వేరే చెప్పక్కర్లేదు. వీరాస్వామి ముందుకొచ్చి గంజి పోయించారు.

1836 అక్టోబరు 3న ఆయన కన్నుమూశారు. తన రాతలు పుస్తకంగా చూసుకోలేదు. ఉత్తరాలన్నీ జాగ్రత్తగా దాచిన శ్రీనివాసపిళ్లై 1838లో అచ్చు వేయించారు. 1869లో మళ్లీ అచ్చయింది. ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ పట్టలేదు. బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు పూనుకొని, వివరణలు చేర్చి 1941లో తిరిగి తెచ్చారు. మీ కాలేజీ లైబ్రరీలో లేకపోతే జిల్లా గ్రంథాలయంలో అడగండి. తెలుగు కొంచెం పాతది, మొదటి పది పేజీలు తడబడతారు. మేడ్చల్ దాటే సరికి అలవాటైపోతుంది.