అభినయ గురువు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి

పాశ్చాత్య దేశములందు మూకాభినయము ప్రత్యేక కళగా వర్ధిల్లినది. నటుడు పెదవి కదపక, దేహముతోనే కథ చెప్పును. మన నాట్యమున పాట యున్నది. కాని గాయకుడు ఒకే పాదమును మరల మరల పాడుచుండగా, మాటలలో లేని భావములను కన్నులతో, చేతులతో పలికించుట నర్తకుని పని. ఈ విద్యకు ఆంధ్రదేశమున పేరెన్నికగన్న గురువు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు.

కొల్లేటికి దక్షిణమున, కృష్ణా డెల్టా వరిపొలముల నడుమ కూచిపూడి యున్నది. ఆ గ్రామపు భాగవతుల వంశములలో నొకటియైన వేదాంతమువారి యింట శాస్త్రిగారు 1886లో జన్మించిరి. సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ వేషమును ప్రతి మగబిడ్డయు జీవితమున ఒక్కసారియైన కట్టవలెనని అచటి ఆచారము. స్త్రీకి మాత్రము ఆ రంగమున చోటులేదు. ఆమె అలుకయు, విరహమును పురుషుడే అభినయింపవలెను. మేళములు ఊరూర తిరిగి తెల్లవార్లు ఆడుచుండెడివి.

కాలము మారెను. నాటకశాలలు, పిదప సినిమాలు జనులను ఆకర్షించెను. పలువురు కూడినగాని కలాపము సాగదు. మేళము చెదరిన విద్యయు చెదరును. ఈ సంకటమున శాస్త్రిగారు ఏకపాత్ర ప్రదర్శనమును విస్తరింపజేసిరి. అంతకంటె సాహసముతో స్త్రీలను ఈ నాట్యమునకు ఆహ్వానించిరి. తంజావూరు సంప్రదాయమునకు చెందిన బాలసరస్వతి యంతటి నర్తకియు ఆయనవద్ద అభినయపు మెలకువలు గ్రహించెను.

తరతరముల కట్టుబాటును సడలించుట వంశీయునకు సులభము కాదు. తాళము వేసిన పెట్టెలో విద్య భద్రముగనే యుండును. కాని తెరచువాడు లేనినాడు అది నశించును. ఆయన తలుపు తెరచిరి. అందువలన పురుషుల స్త్రీవేషము వెంటనే అంతరింపలేదు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా ఖ్యాతి గాంచిరి. అయినను క్రమముగా రంగము స్త్రీలదే అయ్యెను.

శాస్త్రిగారు 1956లో కీర్తిశేషులైరి. రెండేండ్లకు, 1958లో ఢిల్లీ నృత్యగోష్ఠియందు కూచిపూడి శాస్త్రీయమగునా యని వివాదము చెలరేగెను. దానికి సమాధానము ఆయన శిష్యులే యిచ్చిరి. కోరాడ నరసింహారావు ఇంద్రాణీ రహమానునకు ఈ నాట్యము నేర్పిరి. వెంపటి చినసత్యం 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఎందరో యువతులను తీర్చిదిద్దిరి.

నేడు దేశదేశముల వేదికలపై సత్యభామగా జడ విసరు ప్రతి తెలుగు బాలికయు, ఎరిగినను ఎరుగకున్నను, ఆ గురువునకు ఋణపడియున్నది.