వెల వేఱు, విలువ వేఱు: ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితము

వస్తువునకు వెల కట్టుట తేలిక. విలువ కట్టుట కష్టము. జి.మాడుగుల సంతలో చింతపండునకును పసుపునకును కాటా చెప్పినదే తూకము, బేరము కుదిరినదే ధర. సంగీతవాద్యమునకు అట్టి కాటా లేదు. దానిని తూచవలసినది చెవి. కాని లోకమున వాద్యమును చెవితో తూచువారు కొందఱే. కంటితో చూచి, లోపల అంటించిన చీటీ చదివి ధర చెప్పువారే పెక్కుమంది. మనుష్యుల విషయమునను లోకమునకు ఇదియే అలవాటు. ఈ అలవాటు ఎంతటి పొరపాటునకు దారితీయగలదో తెలియగోరువారు ఫిడేలు విద్వాంసులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితమును ఒకసారి స్మరింపవలెను.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగి. బాలుడు పెరిగినది విశాఖపట్టణమున. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు విధి కంటివెలుగును మాత్రము కొఱతగా ఇచ్చెను. చూపు మందగించుటచే పాఠశాల చదువు సాగలేదు. నల్లబల్లపై వ్రాసినది చదువలేని పిల్లవానికి ఆనాటి బడి చేయగలిగినది ఏమియు లేకపోయెను. పరీక్షలు, పట్టములు అను కొలతలతో చూచినచో ఆ బాలుని భవిష్యత్తు అంతటితో ముగిసినట్లే. కాని ఇంటిలో మఱియొక బడి యుండెను. అన్న వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించువారు. ఆయన తమ్ముని చేతికి కమానునిచ్చి, ఆ విద్యను నేర్పిరి. కన్ను చేయలేని పనిని ఆ పిల్లవాని చెవి రెట్టింపు శ్రద్ధతో చేయ నారంభించెను.

ఆ ఫిడేలు సంగతియు కొంత తెలిసికొనవలెను. అది మన దేశమున పుట్టిన వాద్యము కాదు. 16వ శతాబ్దమున ఇటలీ దేశమున రూపుదిద్దుకొని, ఐరోపావారితో మన రేవులకు వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) దానిని నేర్చి కర్ణాటక సంగీతమునకు అలవఱచిరి. పరదేశపు కొయ్యపెట్టె క్రమముగా మన గాత్రమునకు తోడునీడ యయ్యెను. పుట్టుకను బట్టి విలువ కట్టియుండినచో ఫిడేలునకు మన కచేరీవేదికపై చోటే దొరికెడిది కాదు.

ఫిడేళ్ళలో మిక్కిలి ప్రసిద్ధమైన పేరు క్రెమోనా నగరమునకు చెందిన ఆంటోనియో స్ట్రాడివరిది. ఆయన 1737లో మరణించెను. ఆయన చేతిమీదుగా వెలువడిన వాద్యములలో నేడు మిగిలినవి సుమారు 650 మాత్రమే. అట్టి దొకటి 2011లో వేలమునకు వచ్చి ఒక కోటి 59 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. దానిని అమ్మినది జపానుదేశపు సంగీతసంస్థ. అమ్మినది భూకంపమునకును సునామీకిని గురియైన తన ప్రజల సహాయార్థము. అయితే స్ట్రాడివరి పేరు అచ్చువేసిన చీటీగల ఫిడేళ్ళు ప్రపంచమున లెక్కకు మిక్కిలి కలవు. జర్మనీలోని మార్క్‌నాయికిర్ఖెన్ మొదలగు ఊళ్ళలోని పనివారు ఆయన నమూనాపై వాద్యములను రాశులుగా చేసి, నమూనాకు గుర్తుగా ఆ పేరుగల చీటీని లోపల అంటించిరి. తాతగారి పెట్టెలో ఫిడేలు దొరికి, అందు ఆ చీటీ కనబడగానే ఇల్లు బంగారమైనదని సంబరపడినవారు అన్ని దేశములలోను కలరు. చీటీని నమ్మి కొనువాడు కాగితమును కొనుచున్నాడు; వాద్యమును కాదు.

జపానువారును ఈ పనిలో వెనుకబడలేదు. నగోయా నగరమున సుజుకి మసాకిచి (1859-1944) అను శిల్పి తమ దేశపు తంత్రీవాద్యములను చేయుచు, 19వ శతాబ్దము చివర ఒక ఐరోపా ఫిడేలును చూచి, దాని పోలికను తానును చేయ మొదలిడెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీ సరకు ఆగిపోగా ఆయన కర్మాగారపు ఫిడేళ్ళు దేశదేశములకు పోయెను. ఆయన కుమారుడు షినిచి సుజుకి (1898-1998) పసిపిల్లలు మాతృభాషను చెవితో విని నేర్చునట్లే సంగీతమును నేర్వగలరను సిద్ధాంతముపై ఒక బోధనపద్ధతిని నిర్మించి లోకప్రసిద్ధుడయ్యెను. తండ్రి వాద్యములను చేసెను. కుమారుడు చెవులను తీర్చెను. రెండవదే పెద్ద పని యని ఉపాధ్యాయులు ఒప్పుకొందురు.

ఇక విజయనగరమునకు వత్తము. 1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజుగారు అచట సంగీతకళాశాలను స్థాపించిరి. తమ కొలువులోని ఒక ఉద్యోగి యొక్క అంధపుత్రునకు విద్య చెప్పింపవలెనను తలంపే దానికి మూలమని చెప్పుదురు. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) దానికి మొదటి అధ్యక్షులు. నాయుడుగారు విద్యార్థిగా చేరుదమని అచటికి పోగా, దాసుగారు ఆయన వాదనమును విని, విద్యార్థిగా గాక ఆచార్యునిగానే నియమింపజేసిరని ప్రతీతి. అప్పటికి నాయుడుగారికి సుమారు ఇరువదియాఱేండ్లే. చేతిలో పట్టము లేదు, యోగ్యతాపత్రము లేదు. దాసుగారు చీటీని అడుగలేదు, నాదమును విన్నారు. ఒక్క పెద్దమనిషి యొక్క చెవి సరిగా పని చేయుటచే ఆంధ్రదేశమునకు కలిగిన లాభము ఇంతింతని చెప్పుటకు వీలులేదు.

నాయుడుగారు విజయనగరమున దీర్ఘకాలము విద్యాదానము చేసి, 1936లో దాసుగారి తరువాత కళాశాల అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల మున్నగువారు శిక్షణ పొందినది ఆ కళాశాలయందే. నాయుడుగారు పాశ్చాత్యసంగీతమును సైతము శ్రద్ధగా విని, కమాను నడకయందలి మెలకువలను గ్రహించి, వానిని మన రాగభావమునకు అనుగుణముగా మలచుకొనిరి. ఫిడేలు అంతవఱకు ముఖ్యముగా గాత్రమునకు పక్కవాద్యము. దానికి ఒంటరిగా కచేరీ నడుపగల గౌరవమును సంపాదించిపెట్టినవారిలో నాయుడుగారు అగ్రగణ్యులు. 1941లో మద్రాసు సంగీతవిద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదముతో ఆయనను సత్కరించిరి. 1950లో ఆంధ్రవిశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ పట్టము నిచ్చెను. 1953లో సంగీతనాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించెను. పాఠశాల మెట్టెక్కలేకపోయిన వానికి విశ్వవిద్యాలయము తానై ఎదురువచ్చి పట్టమిచ్చుట గమనింపదగిన విషయము. 1952లో భారతదేశమునకు వచ్చిన ప్రపంచప్రసిద్ధ వాద్యకారుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో నాయుడుగారి వాదనమును విని ఎంతయు ముగ్ధుడయ్యెను. మెనూహిన్ చేతనుండినవి కోట్లు పలుకు వాద్యములు. ఆయనయు ఆనాడు వాద్యపు వెలను చూడలేదు. వేళ్ళవెంట వచ్చు రాగమును విన్నాడు.

చూపు తక్కువైన మనిషి చీటీ చదువలేడు. అందుచేత చీటీకి మోసపోడు. ఈ మాట కవితాచమత్కారమని త్రోసివేయకుడు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున ఒక పరీక్ష జరిగెను. 21 మంది వాద్యకారులకు కన్నులు కనబడకుండ కప్పి, మూడు ప్రాచీనవాద్యములను, మూడు క్రొత్తవానిని ఇచ్చి, మెచ్చినది ఏదో చెప్పుడనిరి. ప్రాచీనములలో రెండు స్ట్రాడివరి చేసినవి. ఎక్కువమంది క్రొత్తవానినే కోరిరి. ఏది పాతదో ఏది క్రొత్తదో గుర్తింపజాలినవారు బహు స్వల్పము. 2012లో ప్రకటితమైన ఈ ఫలితము పండితలోకమున పెద్ద కలకలమును రేపెను. అనగా ప్రాచీనవాద్యములకు విలువ లేదని కాదు. వాని వెలలో నాదము పాలు కొంత, చరిత్ర పాలు కొంత, అరుదుతనపు పాలు మిక్కిలి అని అర్థము.

ఈ వివేకము మన మన్యపు పాఠశాలలకు నేడు నిత్యావసరము. పట్టణమునుండి వచ్చిన దాత ఒకడు జపానుదేశపు గిటారును బడికి ఇచ్చినాడనుకొందము. అది లిమిటెడ్ ఎడిషన్, అనగా లెక్కకు కొన్నియే చేసిన వాద్యము అని అతడు చెప్పును. దాని వెల కట్టుట ఎట్లు? మొదట, నాదరంధ్రములో కనబడు చీటీయు, దానిపై సంఖ్యయు తయారీదారులు ప్రకటించిన వివరములతో సరిపోవునా అని చూడవలెను. రెండవది, ఎన్ని చేసిరన్నదొక్కటే చాలదు. దానిని కోరువారెందఱన్నదియు లెక్కయే. పది మాత్రమే చేసినను, పదుగురు అడుగనిచో అది అరుదే గాని ప్రియము కాదు. మూడవది, పైపలక ఒకే చెక్కయా, అతుకు పొరల ప్లైవుడ్డా అని నాదరంధ్రపు అంచున పరిశీలింపవలెను. పైన కనబడు కొయ్యచార అంచు లోపలికిని సాగినచో అది నిండుచెక్క. నాల్గవది, దండి వంగినదా, గుఱ్ఱము లేచినదా, పలకపై పగుళ్ళు కలవా, బిరడాలు మొదటివేనా అని చూడవలెను. అయిదవది, అమ్మువాడు అడుగు ధర వేఱు, అట్టి వాద్యము నిజముగా అమ్ముడుపోయిన ధర వేఱు. రెండవదానినే ప్రమాణముగా గ్రహింపవలెను. బ్రెజిలుదేశపు రోజ్‌వుడ్ వాడిన వాద్యమైనచో 1992 నుండి అంతర్జాతీయ వ్యాపారమున కఠిననిబంధనలు కలవు. తగిన పత్రములు లేనిచో దానిని దేశములు దాటింప వీలుపడదు.

ఇది యంతయు వెల సంగతి. విలువ సంగతి చివర మిగిలియే యున్నది. కొండలపై వానకాలపు తేమకును, చలికాలపు పొగమంచునకును నిండుచెక్క ఉబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. వేలకువేలు పోసి కొన్న సున్నితపు గిటారు మన బడి గోడకు వ్రేలాడి పగులవచ్చును. తక్కువ ధరకు వచ్చిన ప్లైవుడ్డు గిటారు ఏండ్ల తరబడి పదిమంది పిల్లల చేతులలో పలుకవచ్చును. సేకరణదారునకు మొదటిది విలువైనది. బడికి రెండవది విలువైనది. అమూల్యమైన దానిని అమ్మి, వచ్చిన సొమ్ముతో పది మామూలు వాద్యములను కొనుటయు తప్పుగాదు. దాతయు అందుకు సమ్మతించినచో అది ఇరువురికిని గౌరవమే.

విదేశపు గిటారునకు ఇంత పరీక్ష చేయు మనము ఇంటి వాద్యములను మఱవరాదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసమ్రానిని తొలిచి దండియు కుండయు ఏకముగా చేయు వీణకు భౌగోళికగుర్తింపు లభించినది. ప్రతి వీణయు చేతిపని కావున అది పుట్టుకతోనే పరిమితసంఖ్య గలది. దానికి వేఱుగా ఆ పేరు పెట్టనక్కఱలేదు. మన కొండపల్లెలలో థింసా నృత్యమునకు మ్రోగు తుడుము, డప్పు, కిరిడి, మోరి వీనికి చీటీలే లేవు. డప్పును మంటవద్ద కాచి, వ్రేలితో మీటి, శ్రుతి కుదిరినదో లేదో చెప్పు మన గిరిజన వాద్యకారుడు నారాయణదాసుగారి పరీక్షనే దినదినము చేయుచున్నాడు.

నాయుడుగారు 1964 నవంబరు 25వ తేదీన దివంగతులైరి. 1993లో శతజయంతి సందర్భమున తపాలాశాఖవారు ఆయన పేర బిళ్ళను వెలువరించిరి. ఆయన వంశమునను శిష్యపరంపరయందును కమాను ఆగలేదు; కుమార్తె మంగతాయారుగారు ఆ విద్యను కొనసాగించి ప్రసిద్ధి గాంచిరి. వాద్యములు పగులును, చీటీలు చినుగును, ధరలు పెరిగి తఱుగును. నేర్పిన విద్య మాత్రము చేతినుండి చేతికి దిగును.

కావున ఉపాధ్యాయసోదరులారా, మీ తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి నల్లబల్లను చదువలేని పిల్లవాడు కనబడినచో, మొదట కండ్లవైద్యునియొద్దకు పంపుడు. అది మీ ధర్మము. పిమ్మట వాని మార్కుల చీటీని ప్రక్కనుంచి, వాడు బల్లపై వ్రేళ్ళతో ఏ తాళము వేయుచున్నాడో వినుడు. విద్యార్థులారా, మీకు మీరే తక్కువ వెల కట్టుకొనకుడు. విశాఖలో చదువాగిన బాలునకు విజయనగరమున విన్నవా డొకడు దొరికినాడు. వినువారు దొరకునంతవఱకు శ్రుతి తప్పకుండ ఉండుటయే మీ పని.