రాయవేలూరు డాక్టరమ్మ

మాది గుడియాత్తం దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ముత్తాతల ముందువాళ్లు ఎప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చారో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. అయినా ఇప్పటికీ కొత్తవాళ్లు మా మాట వినగానే మీదే ఊరని అడుగుతారు. ఈ ఊరే అంటే నమ్మరు. మీలో సగంమందికైనా ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఈసారి గోడపత్రికకు ఒక ప్రసిద్ధ మహిళ జీవితం రాయమని మేడమ్ చెప్పినప్పుడు నాకు ఐడా స్కడర్ గుర్తుకు రావడానికి అదొక కారణం. ఆమె పుట్టింది మన రాణిపేటలో, 1870 డిసెంబర్ 9న. వాళ్ల నాన్న పుట్టింది సిలోన్‌లో. అంటే ఈ వైపు దేశాల్లో వాళ్లది మూడో తరం. అయినా చివరిదాకా ఆమె అమెరికా డాక్టరమ్మే.

రెండో కారణం మా అవ్వ. ఇంట్లో ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా ఆమె నోట వచ్చే మాట రాయవేలూరే. వేలూరు అనదు, సీఎంసీ అనదు. చిత్తూరు, మదనపల్లె వైపు మా చుట్టాలు కూడా అంతే, రాత్రికి రాత్రి బయలుదేరి రాయవేలూరు వచ్చేస్తారు. ఆ ఆస్పత్రి ఎలా పుట్టిందో చిన్నప్పుడు నాకు చెప్పింది కూడా అవ్వే. తర్వాత పుస్తకాల్లో చదివాను. అవ్వ చెప్పిన కథ చాలావరకు నిజమే, కానీ సగమే.

ఐడా తాత జాన్ స్కడర్ న్యూయార్క్‌లో డాక్టరు. 1819లో భార్య హారియట్‌తో కలిసి ఓడెక్కి సిలోన్ చేరాడు, తర్వాత మద్రాసు. బతికిన కొడుకులు ఏడుగురూ మిషన్ పనిలోకే వచ్చారు. వాళ్లు పెట్టిందే ఆర్కాటు మిషన్, దాని పని తర్వాత తెలుగు సీమలో మదనపల్లె దాకా సాగింది. ఆ ఏడుగురిలో ఒకడైన రెండో జాన్‌కూ, అమెరికా నుంచి అతన్ని పెళ్లాడి ఇక్కడికి వచ్చిన సోఫియాకూ ఐదుగురు మగపిల్లల తర్వాత పుట్టిన ఆడపిల్ల ఐడా. ఒక్కతే ఆడపిల్ల, అందులోనూ కడగొట్టుది. గారాబం ఎంతో ఊహించుకోండి. కానీ ఆ ఇంటిపేరుకు ఒక బరువుంది. ఆ ఇంట్లో పుట్టినవాళ్లు పెద్దయ్యాక ఏమవుతారో ఎవరూ అడగక్కర్లేదు.

ఐడాకు అదే నచ్చలేదు.

ఆమెకు ఆరేడేళ్లప్పుడు పెద్ద కరువు వచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అనేవాళ్లే, అదే. ఇంటి ముందు వరసగా కూర్చున్న పిల్లలకు రొట్టె ముక్కలు పంచే పని ఐడాకు కూడా పడింది. కొందరికి చెయ్యి చాపే శక్తి కూడా లేక నోట్లో పెట్టాల్సి వచ్చేది. అలాంటివి చూసిన పిల్ల పెద్దయ్యాక ఇక్కడే ఉండి సేవ చేయాలనుకుంటుందని మనం రాసేస్తాం. ఆమె మాత్రం ఇక్కణ్ణుంచి దూరంగా పోవాలనుకుంది.

కరువు తర్వాత కుటుంబం అమెరికా వెళ్లింది. నెబ్రాస్కాలో పొలం, గుర్రాలు. ఆ కొన్నేళ్లూ ఆమెకు స్వర్గం. తర్వాత నాన్న మళ్లీ ఇండియాకు వచ్చేశాడు. కొన్నాళ్లకు అమ్మ కూడా ఆయన దగ్గరికి బయలుదేరింది, కూతుర్ని షికాగోలో బంధువుల ఇంట్లో వదిలి. అమ్మ వెళ్లిన రాత్రి ఐడా ఖాళీగా ఉన్న అమ్మ మంచం మీద పడి ఏడ్చిందట. నాకు ఈ కథలో మిగతావాటికన్నా ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది. హాస్టల్లో మొదటి వారం ఎలా గడిచిందో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అమ్మానాన్నలను తన దగ్గర్నుంచి లాక్కున్నది ఇండియానే అని ఆ పిల్ల అనుకుంటే తప్పేముంది?

తర్వాత మసాచుసెట్స్‌లో నార్త్‌ఫీల్డ్ అనే చోట ఆడపిల్లల బడిలో చేరింది. అల్లరి పిల్ల, అందగత్తె, స్నేహితులు బోలెడంతమంది. మిషన్ పనికి మాత్రం పోనని గట్టిగా అనుకుంది. చదువు, పెళ్లి, అమెరికాలో ఇల్లు, ఇవే ఆమె కలలు. ఇంతలో 1890లో అమ్మకు జబ్బు చేసిందని కబురు వచ్చింది. అమ్మ లేచి తిరిగేదాకా ఉండి వెనక్కి వచ్చేద్దామని బయలుదేరింది. అమ్మానాన్నలు అప్పుడు దిండివనంలో ఉన్నారు.

మా అవ్వ చెప్పే కథ సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. ఒక రాత్రి ఐడా దీపం పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చాడు. చిన్న వయసు భార్య, కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చింది, మీరు రావాలన్నాడు. నేను డాక్టర్ని కాదు, మా నాన్న డాక్టరు, ఆయన్ని పంపిస్తానంది ఐడా. పరాయి మగవాడు మా ఇంట్లో ఆడమనిషిని ముట్టుకోవడం జరగదని అతను వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కబురు, అదే జవాబు. ఆ తర్వాత ఇంకొకడు. ముగ్గురూ వేరు వేరు కులమతాల వాళ్లు, ముగ్గురికీ నియమం ఒకటే. తెల్లారేసరికి ఊళ్లో చావు డప్పు వినిపించింది. పనిమనిషిని పంపి కనుక్కుంటే ముగ్గురు ఆడవాళ్లూ పోయారు.

ఆ పొద్దున్నే అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి, అమెరికా వెళ్లి డాక్టరు చదివి తిరిగి వస్తానని చెప్పేసింది.

ఈ కథ చదివేటప్పుడు ఆ ముగ్గురు మగవాళ్ల మీద కోపం రావడం తేలిక. కానీ వాళ్లు రాత్రిపూట పరాయి దేశపు ఇంటి తలుపు తట్టారు, భార్య బతకాలనే కదా. అసలు సంగతి వేరు. లోపల నొప్పులు పడుతున్న ఆడమనిషిని, మగ డాక్టరైనా పర్లేదా అని ఎవరూ అడిగినట్టు లేదు. నేను చదివిన పుస్తకాల్లో ఆ ముగ్గురి పేర్లు కూడా లేవు.

1895లో ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల వైద్య కళాశాలలో చేరి, చివరి ఏడాదికి న్యూయార్క్‌లోని కార్నెల్‌కు మారింది. కార్నెల్ వైద్య కళాశాల ఆడవాళ్లను చేర్చుకున్న మొదటి జట్టులో ఆమె ఒకరు. 1899లో పట్టా వచ్చింది. (డాక్టరయ్యారు కాబట్టి ఇక్కణ్ణుంచి మర్యాదగా రాస్తాను.) ఓడెక్కేముందు వేలూరులో ఆడవాళ్ల ఆస్పత్రి కోసం చందాలు పోగుచేస్తుంటే షెల్ అనే ముసలి బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరు మీద పదివేల డాలర్లు ఇచ్చాడు.

1900 మొదట్లో ఇక్కడికి చేరారు. నాన్న దగ్గర పని నేర్చుకుంటూ మెల్లగా అలవాటు పడొచ్చని ఆమె ఆశ. మే నెలలో నాన్న పోయారు. మిగిలింది ముప్పై నిండని డాక్టరు, అప్పుడే భర్తను పోగొట్టుకున్న తల్లి, నమ్మకం కుదరని ఊరు. బంగళాలో ఒక చిన్న గది దవాఖానా అయింది. మొదట్లో రోగులే రాలేదు. రావడం మొదలయ్యాక ఆపడం కుదర్లేదు, రెండేళ్లలో సుమారు ఐదువేలమంది. ఇంట్లో పనిచేసే సలోమి అనే ఆవిడే మొదటి నర్సు. కూడా వచ్చిన స్నేహితురాలు ఆనీ హాంకాక్ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లతో మాట్లాడేవారు. 1902లో షెల్ గారి భార్య మేరీ టేబర్ షెల్ పేరుతో 40 పడకల ఆస్పత్రి తెరిచారు.

తల్లి సోఫియా సంగతి ఎవరూ ఎక్కువగా రాయరు. భర్త పోయాక ఆమె అమెరికాకు వెళ్లిపోలేదు. 1925లో కన్నుమూసేదాకా కూతురి దగ్గరే, వేలూరులోనే ఉండిపోయారు. ఒకప్పుడు కూతుర్ని సముద్రం అవతల వదిలి వచ్చిన తల్లి, చివరి పాతికేళ్లూ ఆ కూతురి ఇంట్లో గడిపారు. ఐడా పెళ్లి చేసుకోలేదు. తర్వాత అదే పేరున్న మేనకోడలు ఐడా బి. స్కడర్ కూడా డాక్టరై వేలూరుకే వచ్చి ఎక్స్‌రే విభాగంలో పనిచేశారు. మేనత్తా మేనకోడళ్లిద్దరూ డాక్టర్ ఐడాలే అయితే ఉత్తరాలు ఎవరివి ఎవరికి చేరేవో!

ఆస్పత్రికి రాలేనివాళ్ల దగ్గరికి ఆమే వెళ్లడం మొదలుపెట్టారు. మొదట ఎద్దుబండి, 1909 ప్రాంతంలో ప్యూజో కారు. ఆ కారును చూసి దెయ్యం వస్తోందని జనం పొలాల్లోకి పరిగెత్తారట. వారానికోసారి వేలూరు నుంచి గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి మందులిచ్చేవారు, పుళ్లకు కట్లు కట్టేవారు. అది మా దారే. ఏ చెట్టో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు చాలా చెట్లు పోయాయి.

అదే 1909లో నర్సుల బడి పెట్టారు. అయినా ఒక్క డాక్టరు ఎంతమందికి? మన ఆడపిల్లల్నే డాక్టర్లను చేయాలి అని మద్రాసు ప్రభుత్వాన్ని అడిగారు. అప్పటి సర్జన్ జనరల్‌కు నమ్మకం లేదు, ముగ్గురు కూడా దరఖాస్తు పెట్టరన్నాడు. 1918 ఆగస్టులో బడి తెరిస్తే సీట్లకన్నా దరఖాస్తులే ఎక్కువ వచ్చాయి. మొదటి ఏడాది పరీక్షల్లో మగపిల్లలు చాలామంది తప్పారు, వేలూరు ఆడపిల్లలు అందరూ పాసయ్యారు. 1922లో 14 మంది డాక్టర్లుగా బయటికి వచ్చారు. అప్పట్లో అది ఎల్.ఎం.పి. చదువు, డిగ్రీ కాదు.

అవ్వ కథ ఇక్కడితో ఆగిపోతుంది. నాకు అసలైన పరీక్ష దీని తర్వాతే అనిపిస్తుంది.

1938లో ప్రభుత్వం ఎల్.ఎం.పి.ని ఆపేసి, ఇకమీదట ఎం.బి.బి.ఎస్. మాత్రమే అంది. దానికి ఇంకా పడకలు, పెద్ద చదువుల అధ్యాపకులు, ప్రయోగశాలలు, అన్నీ కావాలి. లేకపోతే మూసేయాలి. డెబ్బై దాటిన వయసులో, ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఆమె అమెరికాలో ఊరూరా తిరిగి చందాలు అడిగారు. ఆడవాళ్ల కళాశాలకు ఆడవాళ్ల సంఘాలు ఇచ్చే డబ్బు చాలలేదు. మగపిల్లల్ని కూడా చేర్చుకుంటే మిగతా మిషన్లు కూడా చెయ్యి కలుపుతాయి. అప్పుడు కళాశాల నిలుస్తుంది. కానీ అది ఆడపిల్లల కోసమే పెట్టిన కళాశాల కదా. దశాబ్దాలుగా ఆమెకు డబ్బు కూడబెట్టిపెట్టిన స్నేహితురాలు లూసీ పీబాడీ ససేమిరా అన్నారు. ఆడపిల్లల పేరుతో ఇచ్చిన డబ్బు అది, మాట తప్పినట్టే అని ఆమె వాదన.

చాలా మథనపడి ఐడా స్కడర్ మగపిల్లల్ని చేర్చుకోవడానికే ఒప్పుకున్నారు. దానికి పాత స్నేహం చెడింది. 1947లో మొదటిసారి మగపిల్లలు చేరారు.

దీని మీద మా హాస్టల్ గదిలో ఒక రాత్రంతా వాదన జరిగింది. మగపిల్లలు వచ్చాక ఎన్ని సీట్లు మనకు మిగులుతాయని ఒకమ్మాయి. మూసేస్తే ఒక్క సీటు కూడా మిగలదు కదా అని ఇంకొకమ్మాయి. నేను ఇద్దరి మాటలకూ తలూపాను, దాంతో ఇద్దరూ నన్నే తిట్టారు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు పీబాడీ గారి బాధ అర్థమవుతుంది, కానీ నేనైనా ఐడా చేసిందే చేస్తాను. దిండివనంలో ఆ రాత్రి ఒక నియమం కోసం మూడు ప్రాణాలు పోవడం ఆమె చూశారు. తన నియమం కోసం ఆస్పత్రినే పోగొట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదని నా ఊహ. ఇది పుస్తకంలో లేదు, నేనంటున్నదే.

1946లో ఆమె పదవి వదిలారు. తర్వాత కొద్దికాలానికే ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చింది ఒక తెలుగావిడ, విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్. ఈ సంగతి మన డిపార్ట్‌మెంట్‌లో ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే చూడాలనుంది. నాకు కూడా మొన్నటిదాకా తెలీదు. ఆమె గురించి వచ్చే సంచికలో ఎవరైనా రాస్తే బాగుంటుంది.

విశ్రాంతి అంటే ఊరికే కూర్చోవడం కాదనుకుంటాను ఆమె లెక్కలో. కొడైకెనాల్‌లో ఇల్లు, తోట, వయసు మీద పడ్డాక కూడా టెన్నిస్. తనకన్నా ఎంతో చిన్నవాళ్లను ఓడించేవారట. ఇండియా అని మాత్రమే రాసి, పేరు తప్ప ఊరు లేని ఉత్తరం కూడా ఆమెకు చేరిందని చెప్పుకుంటారు. 1960 మే నెలలో, కొడైకెనాల్ ఇంట్లోనే, 89 ఏళ్ల వయసులో పోయారు. అక్కడి నుంచి వేలూరు తీసుకొచ్చి ఇక్కడే పూడ్చారు.

పోయిన సంవత్సరం మా అవ్వకు గర్భసంచి ఆపరేషన్ అదే ఆస్పత్రిలో జరిగింది. చేసింది మగ డాక్టరు. లోపలికి తీసుకెళ్లేముందు ఆయనే వచ్చి, ఆడ డాక్టరు కావాలా అమ్మా అని అవ్వనే అడిగారు. అవ్వ కాసేపు ఆలోచించి, మీ ఊరేది నాయనా అని అడిగింది.