ఏకాకి గగనయాత్రికుడు - లిండ్‌బర్గ్

న్యూయార్క్ నుండి పారిస్ నగరానికి వాయుమార్గంలో దూరం సుమారు 5,800 కిలోమీటర్లు. నేటి జెట్ విమానంలో ఈ ప్రయాణం ఏడెనిమిది గంటలలో ముగుస్తుంది. 1927లో ఇదే దూరాన్ని మధ్యలో ఎక్కడా దిగకుండా, ఒంటరిగా దాటిన తొలి వైమానికుడు చార్లెస్ లిండ్‌బర్గ్. అందుకు అతనికి ముప్పై మూడున్నర గంటలు పట్టింది.

లిండ్‌బర్గ్ 1902 ఫిబ్రవరి 4న అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. బాల్యం మిన్నెసోటా రాష్ట్రంలో గడిచింది. ఇంజనీరింగ్ చదువును మధ్యలోనే విడిచి, విమానం నడపడం నేర్చుకొన్నాడు. సెయింట్ లూయిస్, షికాగో నగరాల మధ్య తపాలా విమానం నడుపుతూ 1926లో రెండు పర్యాయాలు ప్రమాదంలో చిక్కుకొని, పారాచూట్ సాయంతో ప్రాణాలు దక్కించుకొన్నాడు.

న్యూయార్క్, పారిస్‌ల మధ్య ఆగకుండా ప్రయాణించినవారికి 25,000 డాలర్లు ఇస్తానని రేమండ్ ఆర్టీగ్ అనే హోటల్ యజమాని 1919లో ప్రకటించాడు. ఆ ప్రయత్నంలో పలువురు మరణించారు. 1927 మే 8న పారిస్ నుండి బయలుదేరిన ఇద్దరు ఫ్రెంచి వైమానికులు మరల కనిపించలేదు. అయినా లిండ్‌బర్గ్ వెనుకంజ వేయలేదు. బరువు తగ్గితే ఇంధనం ఎక్కువ నింపుకోవచ్చునని తలచి, ఒకే ఇంజను గల చిన్న విమానాన్ని తయారు చేయించుకొన్నాడు. రేడియోను వదిలాడు, అంతకుముందు తన ప్రాణాలు నిలిపిన పారాచూట్‌ను సైతం వదిలాడు. భూమి గుండ్రనిది కనుక, పటంపై తిన్నగా కనిపించే గీత దగ్గరి దారి కాదు. అందువల్ల ఉత్తరానికి వంగిన మార్గాన్ని గీసుకొని, దానిని నూరేసి మైళ్ళ భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి దిక్కును లెక్కగట్టుకొన్నాడు.

మే 20 ఉదయం 7 గంటల 52 నిమిషాలకు న్యూయార్క్ సమీపంలోని రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుండి విమానం లేచింది. ముందటి రాత్రి అతనికి నిద్ర లేదు. సముద్రంపై పొగమంచు కమ్మింది. విమానంపై మంచు పేరుకొన్నది. వీటికంటె నిద్రయే పెద్ద శత్రువైంది. క్షణకాలం కన్ను మూసినా దారి తప్పుతుంది. మరునాడు ఐర్లండ్ తీరం కనిపించినప్పుడు తన లెక్క తప్పలేదని గ్రహించాడు. ఆ రాత్రి 10 గంటల 22 నిమిషాలకు పారిస్‌లోని లె బూర్జే విమానాశ్రయంలో దిగాడు. లక్షకు పైగా జనం అతనికై ఎదురుచూస్తున్నారు.

కీర్తి అతనికి సుఖం కూర్చలేదు. 1932లో అతని పసికందును దుండగులు అపహరించి చంపారు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా పాల్గొనరాదని వాదించి, 1941లో యూదులను నిందిస్తూ ప్రసంగించి, తీవ్ర విమర్శలకు గురయ్యాడు. చివరి దశలో వన్యప్రాణి సంరక్షణకు పాటుపడి, 1974 ఆగస్టు 26న హవాయి దీవులలో మరణించాడు.

ఆ రెండు నగరాల నడుమ దూరం నేటికీ తరగలేదు. తరిగినది ప్రయాణకాలమే. ఆ మార్పుకు దారితీసిన సాహసాలలో లిండ్‌బర్గ్ ఒంటరి యాత్ర చిరస్మరణీయమైనది.